రెండు వీపుల మెత్త

నేను ఒక మెత్తను. పేరుకే మెత్తను. నెమ్మదిగా నొక్కితే లొంగుతాను, ఒక్కసారిగా గుద్దితే మొండికేస్తాను. మీ ఇళ్ళలో సోఫాల మీద కూర్చుని టీవీ చూసే మెత్తలకూ నాకూ చుట్టరికం లేదు. నా చోటు గ్లైడర్‌లో, నడిపే మనిషి వీపుకూ సీటుకూ మధ్య.

గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. మైదానం ఆ చివర వించ్ అనే యంత్రం ఉంటుంది. అది పొడవాటి తాడును సర్రున చుట్టుకుంటూ గ్లైడర్‌ను గాలిపటంలా పైకి లాగుతుంది. తాడు వదిలేశాక ఇక అంతా ఎండ దయ. నేల వేడెక్కి లేచే గాలిని పట్టుకొని గుండ్రంగా తిరుగుతూ ఎక్కాలి, ఆ ఎత్తును ఖర్చు పెట్టుకుంటూ ముందుకు జారాలి, మళ్ళీ ఇంకో గాలిని వెతుక్కోవాలి. ఈ పని చేసేవాళ్ళు రెక్కల గురించి పూటలు పూటలు మాట్లాడతారు. నడుము గురించి మాట్లాడరు, అది పట్టేసేదాకా.

నేను పుట్టింది గుంతకల్లులో, స్టేషను వెనక లారీ సీట్లు కుట్టే మస్తాన్‌వలి అంగట్లో. నన్ను చేయించింది రామసుబ్బారెడ్డిగారు. నూనె మిల్లు ఆసామి, ఆరడుగుల మనిషి, ఊరి బయటి పాత విమాన మైదానంలో నడిచే గ్లైడింగ్ క్లబ్బుకు పెద్ద దిక్కు. విదేశంలో ఒకరు వాడి వదిలేసిన ఒంటిసీటు గ్లైడర్‌ను ఆయన ఏరికోరి తెప్పించుకున్నాడు. రెక్కలు ఆ కొస నుంచి ఈ కొసకు మైదానంలో సగం కమ్మేంత పొడవు. మనిషి కూర్చునే ముక్కు భాగం మాత్రం గుమ్మడికాయ కూడా దూరనంత సన్నం. అందుకే క్లబ్బులో అందరూ దాన్ని 'సన్నది' అనేవాళ్ళు. గాలికి అడ్డం ఎంత తగ్గితే అంత దూరం పోతుందట. ఆ తగ్గించేదంతా మనిషి భుజాల దగ్గరా మోకాళ్ళ దగ్గరా తగ్గిస్తారు.

సన్నదాంట్లో మనిషి కూర్చోడు, పడక కుర్చీలో మాదిరి వెనక్కి వాలి కాళ్ళు ముక్కులోకి చాపుకుంటాడు. ఆ సీటు ఎవరి ఒంటికి పోతపోశారో గాని రెడ్డిగారి ఒంటికి కాదు. భుజాలూ పిరుదులూ ఆనేవి, మధ్యలో నడుము గాలిలో వేలాడేది. రెండు గంటలు తిరిగి దిగితే ఆయన కొడవలిలా వంగి జీపు దాకా నడిచేవాడు.

"స్పాంజి మాత్రం పెట్టొద్దు మస్తాన్" అని ముందే చెప్పాడు జాకబ్ రత్నం సార్. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో చేసి రిటైరైన కడప మనిషి, క్లబ్బులో ఎగరడం నేర్పే గురువు. "స్పాంజి మీద కూర్చున్నంతసేపూ హాయిగానే ఉంటుంది. నేలకు గట్టిగా తగిలిన రోజు వెన్నుపూస పోతుంది." అలా బెంగుళూరు నుంచి తెప్పించిన గట్టి ఫోమ్ నా ఒళ్ళయింది.

కొలత తీసుకోవడం ఎట్లా అన్నది మస్తాన్‌వలికి తెగలేదు. చివరికి అంగడి ముందు ఎవరో ఇల్లు కట్టుకోడానికి పోయించుకున్న ఇసుక కుప్పను నీళ్ళతో తడిపి, "పండుకో రెడ్డీ" అన్నాడు. మిల్లు ఆసామి పట్టపగలు నడివీధిలో తడి ఇసుకలో పడుకున్నాడు. రైలు దిగి వస్తున్నవాళ్ళు ఆగి, ఆయనకు ఫిట్సు వచ్చాయనుకొని తాళాల గుత్తి కోసం వెతికారు. ఆయన లేచాక ఇసుకలో మిగిలిన పల్లమే నా మొదటి రూపం.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను రెడ్డిగారి వీపును మోశాను. వీపు నాలుకలాంటిది కాదు, దానికి గొప్పలు చెప్పుకోవడం రాదు. కిందికి దిగి "అసలు బయపడలేదప్పా" అని ఆయన చెబుతున్నప్పుడు ఆ భయం తడి ఇంకా నా గుడ్డ మీద ఆరుతూ ఉండేది.

ఒక ఏప్రిల్‌లో క్లబ్బువాళ్ళు వేసవి శిబిరం పెట్టారు. పూనా నుంచి ఒకరు, బెంగుళూరు నుంచి ఒకరు తమ గ్లైడర్లను ట్రైలర్లలో వేసుకొని వచ్చారు. రెండూ దూరాలు పోయే మేలు రకాలే. ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మి ఎగరడానికి లేకపోయింది. పనిలేని మగవాళ్ళు ఒకరి గ్లైడర్‌లో ఒకరు కూర్చుని చూసుకోవడం మొదలుపెట్టారు. రెడ్డిగారు నన్ను చంకన పెట్టుకొని రెండింట్లోనూ ఎక్కి దిగాడు. కాబట్టి నేను విన్నమాట కాదు, ఆనుకొని చూసిన మాటే చెబుతున్నాను.

పూనా గ్లైడర్ సీటు పరుపులా ఉంది. తల ఆనడానికి చోటుంది, మోకాళ్ళకు ఎత్తు ఉంది. కానీ మనిషి ఎంతగా వెనక్కి పడుకుంటాడంటే ముందున్న నేల కనబడాలంటే మెడ నిక్కించాలి. "నిద్రపోయేదానికి బాగుంది" అన్నాడు రెడ్డిగారు. బెంగుళూరుదాంట్లో మెడకు ఏ బాధా లేదు, నిటారుగా ఉండి అంతా కనబడుతుంది. అయితే భుజాల దగ్గర ఇరుకు, ఎడమచేత్తో ఏ మీట లాగాలన్నా మోచెయ్యి గోడకు కొట్టుకుంటుంది. దాని యజమాని మోచేతికి కట్టు కట్టుకునే ఎగురుతాడట. అయినా తన గ్లైడరే సుఖం అని వాదించాడు. పూనా ఆయన మెడ రుద్దుకుంటూ తనదే సుఖం అన్నాడు. రెడ్డిగారు నడుం పట్టుకొని సన్నదే మేలన్నాడు. మనుషులు దేనికి ఎక్కువ నొప్పి పడ్డారో దాన్నే ఎక్కువ మెచ్చుకుంటారని నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది.

ఆ వాదన జరుగుతున్నంతసేపూ ఒక అమ్మాయి సన్నదాని రెక్క కొస పట్టుకొని నిలబడి ఉంది. పేరు కుళ్ళాయమ్మ. గూగూడు కుళ్ళాయిస్వామికి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. గుంతకల్లు రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసే ఉద్యోగం. పట్టాల పక్క పెట్టెలు విప్పి మరమ్మతు చేస్తుంటే నెత్తిన గ్లైడర్లు తిరగడం చూసి, ఒక ఆదివారం సైకిలేసుకొని వచ్చి క్లబ్బులో చేరిపోయింది. మనిషి బాగా పొట్టి, బక్కపలుచన. అప్పటికి రెండు సీట్ల శిక్షణ గ్లైడర్‌లో నేర్చుకుంటోంది. దాన్ని అందరూ 'బస్సు' అనేవాళ్ళు. అంత విశాలం. ఆమె వెనక రెండు దిండ్లు, కింద ఒకటి పెట్టుకున్నా పట్టీల మధ్య బస్తాలో కందిగింజలా కదిలేది.

"నువ్వూ కూచుని చూడు పాపా" అన్నాడు రెడ్డిగారు సరదాగా, నన్ను మళ్ళీ సన్నదాంట్లో సర్దుతూ.

ఆమె చెప్పులు విడిచి, ఏదో గుడిలోకి అడుగుపెట్టినట్టు సన్నదాంట్లోకి దిగింది. నాకు వీపు ఆనించింది. తల అంచు కిందికి పోయింది. పూనా ఆయన నాలుగడుగుల దూరం నుంచి చూసి, "అరే, సీటు ఖాళీగా ఉందే, అమ్మాయి ఏది?" అన్నాడు. అందరూ నవ్వారు. కుళ్ళాయమ్మ కూడా నవ్వింది. కానీ నాకు ఆనిన వీపు నవ్వలేదు, బిగుసుకుపోయింది. నవ్వుతూనే ఆమె కాళ్ళు చాపి, తోకను తిప్పే పెడల్స్ వెతికింది. అందలేదు. పెడల్స్‌ను దగ్గరికి జరిపే తాడు లాగింది. అవి రావలసినంతా వచ్చాయి. అయినా జానెడు దూరం మిగిలిపోయింది.

తర్వాతి ఏడాది ఆమె బస్సులో ఒంటరిగా ఎగిరింది. జాకబ్ సార్ ఒప్పుకొని క్లబ్బు పాత ఒంటిసీటు చెక్క గ్లైడర్ కూడా ఇచ్చాడు. అది కుర్చీలా నిటారుగా కూర్చోబెట్టేది, ఎవరికీ పూర్తిగా సరిపోదు, ఎవరినీ పూర్తిగా బాధపెట్టదు. దూరం మాత్రం పోదు. ఒక ఉదయం కుళ్ళాయమ్మ కాళ్ళు బాగా అందాలని ఇంటి నుంచి పూల గలీబు వేసిన దూది తలగడ తెచ్చుకొని వెనక పెట్టుకుంది. నేలమీద ఉన్నప్పుడు అన్నీ అందాయి. వించ్ తాడు లాగిన మరుక్షణం ఆ ఊపుకు తలగడ అప్పడంలా అణిగిపోయింది. ఆమె వెనక్కి జారింది. కాళ్ళు పెడల్స్ వదిలేశాయి. ముక్కును ఎత్తి దించే చేతికడ్డీ ఆమెతోపాటే వెనక్కి వచ్చింది, గ్లైడర్ ముక్కు నిట్టనిలువుగా లేచింది.

ఆమె కడ్డీని ముందుకు నెట్టలేక, దాన్ని వదిలి, రెండు చేతులతో ముందుకు పాకి తాడు వదిలే పసుపు గుండు లాగింది. మళ్ళీ కడ్డీ అందుకొని ముక్కు దించి మైదానం చివర్లో ఎలాగో దిగింది. గ్లైడర్‌కు గీత పడలేదు. జాకబ్ సార్ పరుగెత్తుకుంటూ వెళ్ళాడు, ఆ తలగడను లాక్కొచ్చి షెడ్డులో నా పక్కన విసిరికొట్టాడు.

"ఇక నువ్వు ఒంటిసీటు ఎక్కొద్దమ్మా" అన్నాడు, వెనకాలే వచ్చిన కుళ్ళాయమ్మతో.

"నాకు నడపడం రాలేదా సార్?"

"వచ్చు. నాకంటే బాగా దించినావు ఈ పొద్దు. నీకు సరిపోయే బండి లేదు, అంతే."

"బండి సరిపోకుంటే బండిని మార్చల్ల గదా సార్. నన్ను ఇంటికి పంపిస్తే ఎట్ల?"

"ఏ బండిని మార్చేది? చెక్కది అందరిదీ. సన్నది రెడ్డిగారిది."

కుళ్ళాయమ్మ మానలేదు. ఆ తర్వాత కూడా ఆదివారాలు వచ్చేది. రెక్క కొసలు పట్టుకునేది, తాళ్ళు తగిలించేది, మిగతావాళ్ళు ఎగురుతుంటే మెడ ఎత్తి చూసేది. వాళ్ళు ఏ గాలిని వదిలేశారో ఆమెకు కింది నుంచే తెలిసేది, పెదవి కొరుక్కునేది.

రెడ్డిగారికి అప్పటికి డెబ్బై దగ్గర పడుతోంది. మోకాలికి ఆపరేషన్ అయింది. ఆ ఏడు ఆయన ఒక్కసారి కూడా ఎగరలేదు. ఫిబ్రవరిలో ఎండ ముదరగానే ఒక ఆదివారం తెల్ల చొక్కా, టోపీ వేసుకొని వచ్చి సన్నదాన్ని బయటికి తీయించాడు. నన్ను తనే దులిపి సర్దుకున్నాడు. అంచు పట్టుకొని మంచి కాలు లోపల పెట్టాడు. రెండోదాన్ని చేతులతో ఎత్తి లోపల వేసుకున్నాడు. వాలాడు. ఆ వీపు నాకు కొత్తగా అనిపించింది. నేను చెక్కించుకున్న వంపు ఒకటి, ఇప్పుడు ఆయన తెచ్చిన వంపు ఇంకొకటి. మోకాలు మడత పడకపోవడంతో అది ముందున్న మీటర్ల పలకకు కొట్టుకుంటోంది. పెడల్ తొక్కితే ఆయన ఊపిరి బిగబట్టడం నాకు తెలుస్తోంది.

"ఎట్లుంది రెడ్డిగారూ?" అని అడిగాడు జాకబ్ సార్.

"బాగుందప్పా" అన్నాడాయన. పెడల్ మీంచి కాలు తీసి, "ఊరికే కూచుందామనే వచ్చినా" అన్నాడు.

లేవబోయాడు. లేవలేకపోయాడు. రెండు చేతులతో అంచులు పట్టుకొని లేవబోయి మళ్ళీ నా మీద పడ్డాడు. జాకబ్ సార్ ఒక చంకలో, కుళ్ళాయమ్మ ఒక చంకలో చేతులు వేసి లాగారు. ఆయన టోపీ కింద పడింది. నిలబెట్టాక చొక్కా సర్దుకొని ఎవరి ముఖమూ చూడకుండా షెడ్డులోకి పోయి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కుళ్ళాయమ్మ టోపీ దులిపి తెచ్చి ఇచ్చింది. దాన్ని తల మీద పెట్టుకోకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పాపా, చెక్కదాంట్లో కాళ్ళు అందల్యాదని జాకబ్ నిన్ను ఆపినాడంట గదా."

"ఆ సార్."

"సన్నదాంట్లో ఎంత దూరం తక్కువ పడింది ఆ పొద్దు?"

ఆమె చెయ్యి చాపి జానెడు చూపించింది.

"జాకబ్, ఆ జానెడు పూడ్చు" అన్నాడు.

జాకబ్ సార్ దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "పెడల్స్‌కు దిమ్మెలు బిగించాల. సీటు ముందుకు తేవాల. మనిషి తేలిక కాబట్టి ముక్కులో సీసం దిమ్మెలు పెట్టాల. అన్నీ చేసినాక మళ్ళీ మీరు ఎక్కేదానికి ఉండదు రెడ్డిగారూ."

"ఎక్కేదానికి కాదప్పా, దిగేదానికే నాకు చేతకాల్యా ఇప్పుడు. చూసినావు గదా." టోపీ అంచు వేళ్ళతో తిప్పాడు. "అది షెడ్డులో పడి ఉంటే నాకు నిద్ర పట్టదు. మెత్త కోయించు. మస్తాన్‌ని పిలిపించు."

కుళ్ళాయమ్మ ఏదో అనబోయింది. "గమ్మునుండు" అన్నాడు ఆయన.

మస్తాన్‌వలి కత్తెరతో నా తొడుగు విప్పిన రోజు రెడ్డిగారు అక్కడే ఉన్నాడు. వెనక ఒక మందపాటి ఫోమ్ దిమ్మె అంటించారు. ముందు వైపు పాత వంపును కోసి తీశారు. కోసిన ముక్కను మస్తాన్ చెత్తలో వేయబోతే రెడ్డిగారు అడిగి తీసుకొని జీపు సీటు మీద పెట్టుకున్నాడు. ఈసారి ఇసుక షెడ్డులోకే తెప్పించారు. దాన్ని తడిపింది రెడ్డిగారే, తోటకు నీళ్ళు పోసే చిన్న డబ్బాతో. కుళ్ళాయమ్మ అందులో పడుకొని కదలకుండా పైకప్పు రేకులు చూస్తూ ఉంటే, "ఇంకొంచెం వాలు పాపా, ఊపిరి వదులు, నడుము బిగబట్టొద్దు, గాల్లో ఎట్ల ఉంటావో అట్లనే ఉండు" అని చెబుతూ వచ్చాడు. ఆ పల్లం ఆయనదాంట్లో సగం కూడా లేదు.

బిగింపులన్నీ అయ్యాక జాకబ్ సార్ పరీక్ష పెట్టాడు. పట్టీలు ఊపిరాడనంతగా బిగించి, "కళ్ళు మూసుకో. నేను చెప్పింది ముట్టు" అన్నాడు. తాడు వదిలే గుండు. ముట్టింది. గాలి బ్రేకుల మీట. ముట్టింది. చక్రం దించేది, మూత విప్పేది. పెడల్ కుడివైపు చివరిదాకా, ఎడమవైపు చివరిదాకా. మళ్ళీ మొదటి నుంచి. పెడల్ చివరిదాకా పోయినప్పుడు మడమ కొంచెం లేచిందని ఆయన దిమ్మె విప్పించి మళ్ళీ చేయించాడు. తర్వాత ఇద్దరు మనుషులతో ఆమె భుజాలను వెనక్కి నెట్టించాడు. నేను మొండికేశాను. ఆమె ఒక్క వేలు కూడా వెనక్కి పోలేదు.

ఇంకొక సంగతి జాకబ్ సార్ చెప్పడానికి నాలుగు ఆదివారాలు ఇబ్బంది పడ్డాడు. గంటలకొద్దీ గాలిలో ఉంటే మగవాళ్ళు ఏదో ఒక గొట్టంతో, సంచితో పని కానిచ్చుకుంటారు. ఆడపిల్ల నీళ్ళు తాగకుండా ఊరుకుంటే ఆ ఎండకు కళ్ళు తిరుగుతాయి. ఆయన గొంతు సవరించుకొని, "అమ్మా, నీళ్ళ విషయం..." అని ఆగిపోయాడు.

"మందుల అంగట్లో ముసలోళ్ళకు కట్టే గుడ్డలు తెచ్చుకున్నా సార్" అంది కుళ్ళాయమ్మ. "ఇంట్లో పెద్దాయనకా అని అడిగినాడు అంగడాయన. అవునన్నా."

రెడ్డిగారు అవతలికి తిరిగి నవ్వు ఆపుకున్నాడు. "నేనే ఆ పెద్దాయన" అన్నాడు.

మార్చిలో ఆమె చిన్న చిన్నగా తిరిగింది. ఏప్రిల్‌లో పెద్దదానికి సిద్ధమైంది. మైదానం నుంచి గండికోట, అక్కడి నుంచి కర్నూలు, తిరిగి మైదానం. మూడు వందల కిలోమీటర్లు దాటే ముక్కోణం. క్లబ్బులో రెడ్డిగారు తప్ప ఎవరూ అంత దూరం పోలేదు. ఆయన జీపుకు ట్రైలర్ తగిలించుకొని, ఎక్కడైనా దిగిపోతే తీసుకురావడానికి తనే సిద్ధంగా కూర్చున్నాడు.

"దూరం కొట్టుకురావల్లని లేదు. బండిని, నిన్ను, రెండిట్నీ తీసుకురా" అన్నాడు జాకబ్ సార్, మూత వేసే ముందు.

ఆ రోజు గాలి మంచిది. తాడిపత్రి దాటేసరికి కింద నాపరాయి గనులు అద్దాల్లా మెరిశాయి. గండికోట దగ్గర పెన్న కోసిన లోయ మీద మలుపు తిరిగాం. నేను ఆమె వీపును కనిపెట్టుకొని ఉన్నాను. రెడ్డిగారి వీపు రెండో గంటకే అటూఇటూ కదిలేది, చోటు కోసం వెతుక్కునేది. అలా కదిలినప్పుడల్లా ఆయన గాలిని ఒక క్షణం మరిచేవాడు. కుళ్ళాయమ్మ వీపు కదల్లేదు. నీళ్ళు తాగుతోంది, మధ్యమధ్య ఏదో పాట కూనిరాగం తీస్తోంది, పైకి పోయే గద్దల్ని చూసి వాటి కిందికి పోతోంది. కర్నూలులో తుంగభద్ర వంతెన మీద తిరిగి ఇంటి దారి పట్టేసరికి కూడా ఆ వీపు ఉదయం ఎట్లా ఉందో అట్లానే ఉంది.

కానీ పొద్దు వాలింది. పత్తికొండ దగ్గరికి వచ్చేసరికి గాలి చల్లబడి, లేచేది లేకుండా పోయింది. మైదానం ఇంకా ముప్పై కిలోమీటర్లు. ముందు ఒక గుట్ట, దాని అవతల ఏముందో కనబడటం లేదు. గుట్ట దాటితే బతికి బట్టకట్టేంత గాలి దొరకొచ్చు. దొరక్కపోతే దిగడానికి బండరాళ్ళు తప్ప ఏమీ ఉండకపోవచ్చు.

రేడియోలో రెడ్డిగారి గొంతు వచ్చింది. ఆయన జీపులో వెనకాలే వస్తున్నాడు. "ఎట్లుండాది పాపా?"

"కిందికొచ్చినా సార్. గుట్ట దాటల్లా వద్దా అని చూస్తాండా."

కొంతసేపు గరగర. "నడుము నొప్పి ఉందా?"

"ల్యాదు సార్."

"అయితే నువ్వు ఏమనుకుంటే అదే సరి. నేనైతే ఈపాటికి నొప్పికి ఓర్చుకోల్యాక గుట్ట మీదికి పోయేవాణ్ణి. తొందరగా ఇల్లు చేరల్లని."

ఆమె గుట్టను ఇంకొకసారి చూసింది. వీపు నాకు గట్టిగా అదిమింది, ఒక్క క్షణమే. తర్వాత వదులైంది. కడ్డీని పక్కకు వంచి గుట్టకు వీపు తిప్పింది. బోరు కింద శెనక్కాయ పీకేసిన చేను ఒకటి ఎర్రగా, చదునుగా కనబడింది. ఒకసారి చుట్టూ తిరిగి చూసుకొని చక్రం దించింది, బ్రేకులు తీసింది. నేల వచ్చింది. మొదటి దెబ్బ గట్టిగానే తగిలింది. నన్ను చేసింది దాని కోసమే. సాళ్ళ మీద దడదడలాడి, ఒక రెక్క నెమ్మదిగా వాలి, సన్నది ఆగింది. కుళ్ళాయమ్మ మూత ఎత్తింది. పచ్చి శెనక్కాయ వాసన లోపలికి వచ్చింది.

ఆమె ఏడ్చింది, కొంచెమే. దక్కని ముప్పై కిలోమీటర్ల కోసం. తర్వాత ముఖం తుడుచుకొని దిగింది.

గట్టు మీద కుప్పల దగ్గర కూర్చుని కాయలు దూసే ఆడవాళ్ళు లేచి పరుగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు వచ్చిన ఆమె ఆ కూలి గుంపుకు పెద్ద, పేరు ఉరుకుందమ్మ. నడివయసు దాటింది. చెంగు నడుముకు బిగించి, చేతుల నిండా మట్టి.

"ఏమ్మా, నువ్వొక్కదానివేనా? నడిపేటోడు యాడ?"

"నేనే అక్కా నడిపేది."

ఉరుకుందమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. "ఇంజను యాడుండాది?"

"ల్యాదక్కా. గాలే మోసుకొచ్చింది."

"మోసుకొచ్చిన గాలి మళ్ళ మోసుకపోల్యా?"

"పొద్దు గూకింది గదక్కా. దానిగ్గూడ అలుపొచ్చింది."

ఆడవాళ్ళు నవ్వారు. నీళ్ళు ఇచ్చారు, గుప్పెళ్ళతో కాయలు ఇచ్చారు. ఉరుకుందమ్మ మాత్రం సన్నదాని చుట్టూ తిరుగుతూ లోపలికి తొంగి చూసింది. "ఒకపారి కూచుంటా" అంది.

కుళ్ళాయమ్మ ఆమె చెయ్యి పట్టుకొని లోపలికి దించింది. ఉరుకుందమ్మ కాళ్ళు చాపింది. మట్టి పాదాలు తిన్నగా పోయి పెడల్స్ మీద ఆనాయి. తల అంచుకు పైన కనబడుతోంది. చెయ్యి చాపితే మీట చేతికొచ్చింది. కుళ్ళాయమ్మ ఒక్క క్షణం అట్లాగే చూసింది. వంగి పట్టీలు బిగించింది. "అక్కా, కళ్ళు మూసుకో. ఆ పసుపు గుండు ముట్టు" అంది.

ముట్టింది.

"ఎడమపక్క మీట."

ముట్టింది. కళ్ళు తెరిచి, "ఏందిమ్మే ఇది, నాకు కొలత పెట్టి చేసినట్టుండాదే!" అంది ఉరుకుందమ్మ.

"నేనూ కూచుంటా" అంది ఇంకొకామె. ఒకరి తర్వాత ఒకరు ఎక్కారు. ఒకామె మడమలకు పగుళ్ళు, ఒకామె మెళ్ళో తాయెత్తు, ఒకామె పొడుం వాసన. ఆ వీపులన్నీ ఎండకు కాగి, వంగి వంగి రాటుదేలినవి. అన్నీ నాలో కుదురుకున్నాయి. క్లబ్బులో ఇన్నేళ్ళు ఉండి, ఒక్క మనిషికి సరిపోవడానికి నేను ఎన్ని కోతలు పడ్డానో మీరు విన్నారు. ఆ చేలో ఎవరికోసమూ నన్ను ముట్టుకోవలసిన పని పడలేదు.

జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చి గట్టు దగ్గర ఆగింది. రెడ్డిగారు కర్ర పట్టుకొని దిగి, చేలో నడుచుకుంటూ వచ్చాడు. ముందు కుళ్ళాయమ్మను చూసుకున్నాడు, తర్వాత రెక్కల్ని చూసుకున్నాడు. తర్వాత సన్నది దగ్గర బారు కట్టిన ఆడవాళ్ళను చూసి నిలబడిపోయాడు.

"అందరూ పడతాండారు సార్" అంది కుళ్ళాయమ్మ. "కాళ్ళు, చేతులు, అన్నీ. ఒక్కరికీ తక్కువ పడల్యా."

"నా బండిలో నేనొక్కణ్ణే పట్టనట్టుంది" అన్నాడు రెడ్డిగారు. అని నవ్వాడు. ఆ నవ్వులో నొప్పి ఉందో లేదో చెప్పడానికి ఆయన వీపు నాకు ఆని లేదు.

మరుసటి ఏడు ఆమె ఆ ముక్కోణం పూర్తి చేసింది. ఆ సంగతి క్లబ్బులో ఎవరిని అడిగినా చెబుతారు, దండలు వేసిన ఫోటో కూడా చూపిస్తారు. నేను ఇప్పటికీ సన్నదాంట్లోనే ఉన్నాను. గుడ్డ రెండుసార్లు మారింది, ఫోమ్ అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి, త్వరలో నా స్థానంలో ఇంకొకటి వస్తుంది. దానికి నాకు బాధ లేదు. వచ్చేదానికి చెప్పి పోవాలనిపించేది మాత్రం ఆ ముక్కోణం సంగతి కాదు, ఆ చేను సంగతి.

అందరూ ఎక్కి దిగాక ఉరుకుందమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి ఏ మీటా ముట్టుకోలేదు. మెల్లగా వెనక్కి వాలి నా మీద ఆనుకుంది. నడుము మొదట నమ్మలేదు, ముడుచుకునే ఉంది. తర్వాత ఒక్కొక్క పూసే దిగి నాకు ఆనింది. పెద్దగా ఊపిరి వదిలింది.

"దిగక్కా, రెక్కలు విప్పల్ల, చీకటి పడుతుంది" అంది కుళ్ళాయమ్మ.

"ఉండమ్మే" అంది ఉరుకుందమ్మ కళ్ళు మూసుకొనే. "పొద్దున్నించి వంగే ఉండా. వీపు ఆనించి ఎన్నాళ్ళయిందో."

కుళ్ళాయమ్మ రెడ్డిగారి వైపు చూసింది. ఆయన కర్ర నేలకు ఆనించి సాలు మీద కూర్చున్నాడు. ఆమె కూడా పక్కన కూర్చుని, వాళ్ళు ఇచ్చిన కాయలు ఒళ్ళో పోసుకొని ఒలవసాగింది. ట్రైలర్ తలుపు తెరిచే ఉంది. ఎవరూ ఉరుకుందమ్మను లేవమనలేదు.